మతిమరుపు రోగికి ఏమీ గుర్తుండదా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మతిమరుపు రోగుల ఇంటివాళ్ల దగ్గర నేను తరచూ వినే మాటలివి.

అపోహ: పొద్దున ఏం తిన్నాడో గుర్తులేదంటాడు, వల మాత్రం చక్కగా అల్లుతాడు. అంతా నాటకం!

వాస్తవం: మత్స్యకారులుండే జాలారిపేట నుంచి వచ్చినవాళ్లు ఈ అనుమానాన్ని గొంతు తగ్గించి అడుగుతారు. నాటకం కాదండీ. ఏం తిన్నాం, ఎవరొచ్చారు అని తెలిసి గుర్తుచేసుకోవాలంటే మెదడులో హిప్పోకాంపస్, దాని పక్క భాగాలు పనిచేయాలి. చేతిపనులు, అలవాట్లు ఎక్కువగా మెదడులోనే వేరే భాగాలు, బేసల్ గాంగ్లియా, సెరిబెల్లం చూసుకుంటాయి. మొదటిది దెబ్బతిన్నా రెండోది పనిచేస్తూనే ఉండొచ్చు.

అపోహ: ఇక కొత్తగా ఏమీ నేర్చుకోలేడు.

వాస్తవం: హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛ తగ్గించడానికి 1953లో ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. అప్పటినుంచి కొత్త సంగతులు ఆయనకు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయనతో, చేతిని నేరుగా చూడకుండా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. 3 రోజుల్లో తప్పులు బాగా తగ్గిపోయాయి. ఆ పని అంతకుముందు చేశానన్న సంగతే ఆయనకు తెలియదు! అన్ని సాక్ష్యాల్లోకీ నాకు గట్టిగా కనిపించేది ఇదే.

అపోహ: తలకి మళ్లీ దెబ్బ తగిలితే అన్నీ గుర్తొస్తాయి.

వాస్తవం: సినిమాల్లోనే. ఇంకో దెబ్బ ఇంకో నష్టమే.

అపోహ: ఎలాగూ మర్చిపోతాడు, కసిరినా ఫర్వాలేదు.

వాస్తవం: 1911లో క్లాపరేడ్ అనే స్విస్ డాక్టర్ చేతిలో గుండుసూది దాచి మతిమరుపు ఉన్న ఒకావిడ చేతిని గుచ్చాడు. (ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.) తర్వాత ఆయన చెయ్యి చాపితే, కారణం గుర్తులేకపోయినా ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒక్క రోగితో తేల్చేయలేం కానీ, 2010లో వచ్చిన అమెరికా అధ్యయనంలోనూ హిప్పోకాంపస్ దెబ్బతిన్నవాళ్లు విషాద దృశ్యాలను మర్చిపోయారు, దిగులు మాత్రం పోలేదు. కసురు కూడా అంతే.

మరి ఇంట్లో ఏం చేయాలి? "నాన్నా, ఈయనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టకండి. ఊహించి తప్పు చెబితే, అది తప్పని గుర్తుండదు, తప్పు మాత్రం అలవాటైపోతుంది. "మీ తమ్ముడొచ్చాడు నాన్నా" అని మీరే ముందు చెప్పేయండి. మందుల డబ్బా రోజూ ఒకేచోట, ఒకే టైముకి. మతిమరుపు హఠాత్తుగా మొదలైతే మాత్రం నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) అయినా, దగ్గర్లోని పెద్దాసుపత్రి అయినా వెంటనే తీసుకెళ్లండి. మద్యం అలవాటు ఉంటే అది దాచకుండా చెప్పండి, దానివల్ల బి1 విటమిన్ లోపం వచ్చి మతిమరుపు రావచ్చు. ఆ లోపాన్ని త్వరగా పట్టుకుంటే చాలా నష్టం ఆపొచ్చు.