లాంగ్ ఎక్స్‌పోజర్, లెన్స్ ఫిల్టర్లు: అపోహలు - వాస్తవాలు

మాది ఒడిశాలోని బరంపురం. ఇల్లు గడిచేది పెళ్లిళ్ల ఫొటోలతోనే. ముహూర్తాలు లేని రోజుల్లో మాత్రం కెమెరా పట్టుకుని గోపాల్‌పూర్ తీరానికో, పర్లాకిమిడి దగ్గరి గండాహతి జలపాతానికో, రాయగడలో నాగావళి నది ఒడ్డుకో పోతుంటాను. అక్కడ నేను తీసేవి ఎక్కువగా లాంగ్ ఎక్స్‌పోజర్లు, అంటే కెమెరాలోకి వెలుతురును వదిలే తలుపు లాంటి షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసే ఫొటోలు. వెంట వచ్చే కుర్రాళ్లలో చాలామంది ముందు లెన్స్‌కి బిగించే గాజు ఫిల్టర్ కొనేసి, దాంతో ఏం చేయాలో ఆ తర్వాత అడుగుతారు. వీడియోలు చూసి వాళ్లు గట్టిగా నమ్ముకొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎన్‌డీ1000 ఫిల్టర్ బిగిస్తే మిట్టమధ్యాహ్నం కూడా మంచి ఫొటో వస్తుంది.

వాస్తవం: ఎన్‌డీ ఫిల్టర్ లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గిస్తుంది, అంతే. ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, నీడ ఎంత గట్టిగా ఉంది అన్నవాటి జోలికి అది పోదు. పన్నెండు గంటలకు పడవ కింద నల్లగా ఉన్న నీడ ఫిల్టర్ పెట్టినా నల్లగానే ఉంటుంది. ఫిల్టర్ ఇచ్చేది సమయం మాత్రమే. ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగానికి సగం తగ్గుతుంది. ఎన్‌డీ1000 అంటే 10 స్టాపులు కాబట్టి సెకనులో 60వ వంతు ఉన్న షట్టర్ సుమారు 16 సెకన్లవుతుంది. అదే ఎన్‌డీ64 అయితే 6 స్టాపులు, ఒక సెకను వస్తుంది. తెల్లవారుజామున మసక వెలుతురులో షట్టర్ ఎలాగూ సెకనులో 8వ వంతుకు దిగి ఉంటుంది, అప్పుడు 3 స్టాపుల ఎన్‌డీ8తోనే ఒక సెకను దొరుకుతుంది. మన తీరంలో నాకు ఎక్కువగా పనికొచ్చేవి ఈ చిన్నవే. అందరూ మొదట కొనేది మాత్రం ఎన్‌డీ1000.

అపోహ: సెకన్లు ఎంత పెరిగితే నీళ్లు అంత అందంగా వస్తాయి.

వాస్తవం: నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. గోపాల్‌పూర్ అలలు నెమ్మదైనవి కావు, ఒడ్డున విరిగి పడతాయి. 30 సెకన్లు తెరిచి ఉంచితే అల, నురుగు, తడి ఇసుక అన్నీ కలిసి తెల్లటి పొగ అవుతాయి. ఆ పొగ ఏ సముద్రానిదైనా ఒకలాగే ఉంటుంది, అందులో గోపాల్‌పూర్ ఎక్కడుంది?

అల ఒడ్డెక్కి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టినప్పుడు చూడండి. నురుగు చారలు చారలుగా చీలి, గవ్వలకూ రాళ్లకూ అటూ ఇటూ తిరిగి సముద్రంలోకి జారిపోతుంది. సరిగ్గా ఆ జారుడు మొదలైనప్పుడు అర సెకను నుంచి ఒక సెకను దాకా తెరిస్తే ఆ చారలన్నీ గీతల్లా పడతాయి. అల వస్తుండగా నొక్కితే రావు. ఒక్క అలకు ఒక్క ఫొటో, మళ్లీ తర్వాతి అల కోసం ఆగాలి. పడవలు కావాలంటే మన నోలియాలు (జాలర్లు) ఇసుక మీదికి లాగి పెట్టినవి చూసుకోండి. నీళ్లలో లంగరేసినది ఊగుతూనే ఉంటుంది, 20 సెకన్లలో రెండు మూడు పడవల్లా కనిపిస్తుంది.

జలపాతాలకూ ఇదే లెక్క. గండాహతిలో వానాకాలం నీటికి సెకనులో నాలుగో వంతు చాలు, ధార విడివిడిగా పోగులు పోగులుగా కనిపిస్తుంది. నీళ్లు పలచబడ్డాక ఒక సెకను దాకా పోవచ్చు. ఎక్కువసేపు తెరవడం కలిసొచ్చేది వేరే చోట: రాయగడ హాతీపత్థర్ రాళ్ల మధ్య మడుగులో నురుగు మెల్లగా సుడి తిరుగుతుంటే 20, 30 సెకన్లకు అది గుండ్రటి వలయం అవుతుంది. ఇక 1672 మీటర్ల దేవ్‌మాలి కొండ మీద మబ్బులు పరిగెత్తే రోజైతే, మనం ఆపేదాకా షట్టర్ తెరిచే ఉండే బల్బ్ మోడ్‌లో రెండు మూడు నిమిషాలు. అక్కడ మీ టోపీ, ట్రైపాడ్ రెండూ గాలికి ఎగిరిపోకుండా చూసుకోండి.

అపోహ: ఫిల్టర్ ఎందుకు దండగ, అపెర్చర్‌ని (లెన్స్‌లోని రంధ్రాన్ని) బాగా చిన్నదైన ఎఫ్22కి దించితే సరి.

వాస్తవం: షట్టర్ నెమ్మదిస్తుంది, నిజమే. కానీ అంత చిన్న రంధ్రం గుండా దూరేటప్పుడు కాంతి చెదురుతుంది, దాన్నే డిఫ్రాక్షన్ అంటారు. దాంతో ఫొటో మొత్తం మెత్తబడుతుంది. పైగా సెన్సర్ మీద దుమ్మంతా ఆకాశంలో చుక్కలై కనబడుతుంది. ఎఫ్8, ఎఫ్11 దగ్గర ఉండండి.

అపోహ: పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) చేసే పని తర్వాత కంప్యూటర్‌లో చేసుకోవచ్చు.

వాస్తవం: ఎన్‌డీ చేసే పనిని కొంతవరకు చేసుకోవచ్చు. ట్రైపాడ్ మీద వరసగా పదహారు ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో సగటు చేస్తే నీళ్లు నునుపుగానే వస్తాయి. ఫోన్లు చేసేదీ దాదాపు అదే. పోలరైజర్ సంగతి వేరు. తడిసిన రాయి మీద ఆకాశం తెల్లగా మెరుస్తుంటే ఆ మెరుపు కింది రంగు కెమెరాకు అందదు. అందని రంగును సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? గండాహతిలో నాచు పట్టిన రాళ్ల ముందు నిలబడి రింగు మెల్లగా తిప్పండి. తెల్లటి పొర జారిపోయి, ఆకుపచ్చా గోధుమరంగూ బయటపడటం తెర మీదే కనిపిస్తుంది. అది కూడా ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు తింటుంది కనుక అడవి నీడలో వేరే ఎన్‌డీ అక్కర్లేకపోవచ్చు. డబ్బు ఒక్క ఫిల్టర్‌కే ఉందంటే నేను పోలరైజరే కొనమంటాను.

అయితే దాన్ని లెన్స్‌కి అతికించేసి వదిలేయకూడదు. ఆకాశం మీద దాని బలమంతా సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉంటుంది. గోపాల్‌పూర్‌లో సూర్యోదయం సముద్రం మీదే, సూర్యుణ్ని ఎదురుగా పెట్టుకుంటే ఆకాశం మీద అది చేసేదేమీ లేదు. ఒడ్డు వెంబడి పక్కకు తిరిగితే పనిచేస్తుంది. దృశ్యాన్ని విశాలంగా పట్టే వైడ్ లెన్స్ అయితే ఆకాశంలో ఒక ముక్క మాత్రం ముదురు నీలమై మచ్చలా ఉంటుంది. తుంపర్లలో ఇంద్రధనుస్సు ఉంటే రింగు తిప్పేటప్పుడు జాగ్రత్త, ఒక కోణంలో అది మాయమైపోతుంది.

అపోహ: వేరియబుల్ ఎన్‌డీ ఒక్కటుంటే అన్నీ ఉన్నట్టే.

వాస్తవం: అందులో ఉండేవి ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు పోలరైజర్లు. వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఫొటోకి అడ్డంగా నల్లటి ఎక్స్ గుర్తు పడుతుంది. వీడియోకి బాగుంటుంది.

అపోహ: యూవీ ఫిల్టర్‌తో రంగులు మెరుగవుతాయి.

వాస్తవం: డిజిటల్ సెన్సర్ ముందు యూవీ (అతినీలలోహిత) కిరణాలను ఆపే గాజు ముందే ఉంటుంది. ఈ ఫిల్టర్ ఉప్పు తుంపర్ల నుంచి లెన్స్‌ని కాపాడుతుంది, అంతవరకే. ఎన్‌డీ పెట్టేముందు తీసేయండి.

అపోహ: ట్రైపాడ్ ఉంది కదా, ఇక కదలదు.

వాస్తవం: ఇసుకలో కదులుతుంది. అల వచ్చి పోయినప్పుడల్లా కాళ్ల కింది ఇసుక కరిగి ట్రైపాడ్ ఒక వెంట్రుకవాసి కుంగుతుంది, ఫొటో పాడవడానికి అది చాలు. కాళ్లను బాగా లోపలికి నొక్కి, ఒకటి రెండు అలలు తగలనిచ్చి, మళ్లీ నొక్కి, అప్పుడు మొదలుపెట్టండి. మధ్య కడ్డీ పైకి లేపొద్దు, మెడ పట్టీ గాలికి ఊగకుండా చుట్టేయండి. రెండు సెకన్ల టైమర్ పెడితే చేతి అదురు ఉండదు. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే వెనక కంటిరంధ్రం మూయండి, అందులోంచి కూడా వెలుతురు దూరుతుంది. ఫోకస్ ముందే చేసుకుని మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాతే 10 స్టాపుల ఫిల్టర్ బిగించండి.

ఇంకో మాట. రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ అయ్యాక కెమెరా మరో రెండు నిమిషాలు పలక్కపోతే పాడైందని టెన్షన్ పడొద్దు. నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే షట్టర్ మూసి అంతే సేపు ఇంకో నల్ల ఫొటో తీసుకుని, మొదటిదానిలో సెన్సర్ వేడికి పడ్డ చుక్కలను తీసేస్తుంది.

అపోహ: ఎన్‌డీ1000 లోంచి సూర్యుణ్ని చూడొచ్చు.

వాస్తవం: చూడకూడదు. కంటికి చీకటిగా అనిపించినా కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు లోపలికి వస్తూనే ఉంటాయి. గ్రహణానికి సోలార్ ఫిల్టర్ వేరే ఉంటుంది, అది సుమారు లక్షో వంతు వెలుతురునే వదులుతుంది. ఎన్‌డీ1000 వదిలేది వెయ్యో వంతు.

అపోహ: రాత్రి లాంగ్ ఎక్స్‌పోజర్‌కి టార్చ్ లైట్ కొట్టాల్సిందే.

వాస్తవం: ఋషికుల్య మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఆ తర్వాత నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. సముద్రం వైపు వెలుగును బట్టి అవి దారి వెతుక్కుంటాయి, మీ టార్చ్ కనబడితే ఇటే వచ్చేస్తాయి. ఆ కాలంలో అక్కడ రాత్రి ఫొటోల మాట మరిచిపోండి. వేరే చోట తీసినా ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే దీపం మెనూలో ఆఫ్ చేయండి, వెన్నెల ఉంటే 30 సెకన్లలో తీరమంతా కనిపిస్తుంది.

అపోహ: ఫిల్టర్ మీద ఉప్పు మరకలు గుడ్డతో తుడిస్తే పోతాయి.

వాస్తవం: పొడిగా తుడిస్తే ఉప్పు పలుకులు గాజును గీసేస్తాయి. ముందు మంచినీళ్లతో కడగండి, తర్వాత మెత్తటి గుడ్డ. ఫిల్టర్ లెన్స్‌కి బిగుసుకుపోతే చుట్టూ రబ్బరు బ్యాండ్ వేసి తిప్పండి. ట్రైపాడ్ కాళ్లను కూడా ఆ రాత్రే కడిగి ఆరబెట్టండి, మర్నాటికి వదిలేస్తే జాయింట్లు తుప్పు పట్టడం మొదలవుతుంది.