బెల్టుకి పీఎల్‌సీ పెట్టిస్తే ఇక చూసుకోనక్కర్లేదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి యూనిట్లలో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో కన్వేయర్ ప్యానెళ్లు కట్టడమే నా పని. పీఎల్‌సీ అంటే ఆ ప్యానెల్‌లో ఉండే చిన్న కంప్యూటర్, సెన్సర్లు, బటన్లు చెప్పేది చూసి తన ప్రోగ్రామ్ ప్రకారం మోటార్లను నడుపుతుంది, ఆపుతుంది. వెళ్లిన చోటల్లా ఈ మాటలే వినపడుతుంటాయి.

అపోహ: బెల్టు ఊరికే ఆగిపోతోందంటే ప్రోగ్రామ్ పోయినట్టే.

దాదాపు ఎప్పుడూ కాదండీ. గుంటూరులో ఒక మిర్చి యూనిట్ నుంచి ఫోనొచ్చింది, పీఎల్‌సీ మార్చేయమని. వెళ్లి చూస్తే బెల్టు మీద ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) లేదు, కానీ పీఎల్‌సీ మీద మూడో ఇన్‌పుట్ లైటు వెలుగుతూనే ఉంది. ఫొటో సెన్సర్ కంటి మీద, ఎదురుగా ఉన్న రిఫ్లెక్టర్ మీద ఎర్రగా కారప్పొడి పేరుకుపోయింది. వెలుతురు తిరిగి రాకపోతే అడ్డంగా సరుకుందనే సెన్సర్ చెబుతుంది, పీఎల్‌సీ దాన్నే నమ్మి జామ్ అయిందని బెల్టు ఆపుతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోయింది. అందుకే ముందు ఇన్‌పుట్ లైట్లు చూడండి, ల్యాప్‌టాప్ తర్వాత.

అపోహ: ఎమర్జెన్సీ స్టాప్ వైరు పీఎల్‌సీకి ఇస్తే చాలు.

ఇది మాత్రం ప్రాణాల మీదకి తెచ్చేది. పీఎల్‌సీ అవుట్‌పుట్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాంటాక్ట్ అతుక్కుపోయిందనుకోండి, లోపల ప్రోగ్రామ్ ఆపమన్నా బయట మోటార్ తిరుగుతూనే ఉంటుంది, రోలర్ దగ్గర చెయ్యి ఇరుక్కున్న మనిషి ఎంత నొక్కినా లాభం ఉండదు. ఎర్ర బటన్ సేఫ్టీ రిలే ద్వారా కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటిచ్చే పెద్ద స్విచ్) కాయిల్‌కి వెళ్లే కరెంటునే కోసేయాలి, పీఎల్‌సీకి సమాచారం వెళితే చాలు. వైరింగ్ ఎన్‌సీ కాంటాక్ట్‌తోనే (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయేది) చేయాలి, ఎందుకంటే ఎలుక వైరు కొరికినా బెల్టు ఆగే ఉంటుంది. బటన్ వెనక్కి లాగగానే, కరెంటు పోయి రాగానే బెల్టు దానంతటదే కదలకూడదు, ఎవరో ఒకరు చూసుకుని స్టార్ట్ నొక్కాల్సిందే. దయచేసి ఈ ఖర్చు దగ్గర బేరమాడకండి.

అపోహ: మన ఎలక్ట్రీషియన్‌కి పీఎల్‌సీ అర్థం కాదు.

1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు రిలే ప్యానెళ్లు విప్పి మళ్లీ కట్టుకోలేక వేరే దారి అడిగితే పుట్టిన పీఎల్‌సీల్లో మోడికాన్ 084 ఒకటి. లాడర్‌ని, అంటే పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ని నిచ్చెన మెట్లలా గీసే పద్ధతిని, రిలే డ్రాయింగ్‌లా ఉంచిందే ఎలక్ట్రీషియన్లు చదువుకోవడానికి. మోటార్లకి స్టార్-డెల్టా స్టార్టర్ వైరింగ్ చేసే కుర్రాడు దీన్ని పట్టేస్తాడు, నేను కళ్లారా చూశాను.

అపోహ: మూడు బెల్టులుంటే మూడూ ఒకేసారి ఆన్ చేయొచ్చు.

వద్దు. సరుకు బయటపడే చివరి బెల్టు ముందు తిరగాలి, తర్వాత దాని వెనకది. ముందుది ఆగితే వెనకవన్నీ వెంటనే ఆగాలి, లేదంటే సరుకంతా ఒకచోట గుట్ట పడుతుంది.

ఇంకో మాట. ప్యానెల్ అప్పగించేటప్పుడే పాస్‌వర్డ్, ప్రోగ్రామ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, లాడర్ ప్రింటు ప్యానెల్ తలుపు లోపల పెట్టించండి.