గేరు మారాక ఇంజిన్ ఎక్కడికి దిగుతుంది? టర్బో కారుకు క్యామ్‌షాఫ్ట్ ఎంపిక

మాన్యువల్ గేర్లున్న టర్బో కారుకు క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వ్‌లను తెరిచే కడ్డీ, పొట్టిగా క్యామ్) మార్చాలనుకునేవాళ్లు చాలామంది నేరుగా క్యామ్ కేటలాగ్ తెరుస్తారు. నన్నడిగితే ముందు గేర్‌బాక్స్ లెక్క చూసుకోవాలి. ఫస్ట్ గేరు నిష్పత్తి 3.6, సెకండ్‌ది 2.1, థర్డ్‌ది 1.4 ఉన్న కారును తీసుకుందాం. ఫస్ట్‌లో 6,500 ఆర్‌పీఎం దాకా లాగి సెకండ్ వేస్తే ఇంజిన్ వేగం 3,800 దగ్గరికి దిగుతుంది. సెకండ్ నుంచి థర్డ్‌కు మారితే 4,300 దగ్గర ఆగుతుంది. ఇది గట్టిగా తోలినప్పటి సంగతి. మామూలుగా రోడ్డు మీద 2,800 దగ్గరే గేరు మార్చేస్తాం. అప్పుడు సెకండ్‌లో సూది 1,600కు పడుతుంది. రోజువారీ కారు బతుకంతా దాదాపు ఆ 1,600కూ 3,000కూ మధ్యనే గడిచిపోతుంది. కొత్త క్యామ్ 6,000 దాటాక ఎంత పవర్ ఇస్తుందన్నది తర్వాతి మాట, ఈ కింది మెట్ల దగ్గర ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. దాని మీద ఒకవైపు ఉబ్బెత్తుగా ఉండే లోబ్‌లు వాల్వ్‌లను నొక్కి తెరుస్తాయి. వాల్వ్ ఎంత లోతుకు దిగుతుందో అది లిఫ్ట్. క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా తెరిచి ఉంటుందో అది డ్యూరేషన్. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా పూర్తిగా మూసుకోకముందే గాలిని లోపలికి తీసుకునే ఇంటేక్ వాల్వ్ తెరుచుకుని, కాసేపు రెండూ తెరిచి ఉండటం ఓవర్‌ల్యాప్. టర్బో లేని ఇంజిన్‌కు డ్యూరేషన్ పెంచితే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర లాభం ఉంటుంది. గాలికీ బరువు ఉంది, ఊపు ఉంది. పిస్టన్ కింది నుంచి పైకి తిరిగాక కూడా ఆ ఊపుతో ఇంకొంత గాలి లోపలికి దూరుతుంది. అలాంటి ఇంజిన్‌కు గాలి ఎక్కువ పట్టించుకోవడానికి ఉన్న మార్గాల్లో ఇది ముఖ్యమైనది. టర్బో ఉన్నచోట గాలిని తోసే పంపు వేరే ఉంది: ఎగ్జాస్ట్ పొగ టర్బైన్ అనే చక్రాన్ని తిప్పితే, దానికి కలిపిన ఇంకో చక్రం గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తుంది, ఆ అదనపు ఒత్తిడే బూస్ట్. ఆ పని పూర్తిగా క్యామ్ నెత్తిన వేయనక్కర్లేదు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు బయట దొరికే క్యామ్‌లలో 264 డిగ్రీలు, 280 డిగ్రీలు అన్నవి తరచూ కనిపించే కొలతలు. లోబ్ సెపరేషన్ యాంగిల్, అంటే ఇంటేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల శిఖరాల మధ్య కోణం, రెండింటికీ 110 అనుకుందాం. ఇంటేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే స్థానం కూడా 110 దగ్గరే పెట్టామనుకుందాం. 264 క్యామ్‌తో ఓవర్‌ల్యాప్ 44 డిగ్రీలు వస్తుంది, 280తో 60. పిస్టన్ కింది కొస దాటాక ఇంటేక్ వాల్వ్ మూసుకునేది మొదటిదానితో 62 డిగ్రీలకు, రెండోదానితో 70కి.

ఎనిమిది డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ 1,600 దగ్గర గాలికి ఊపు తక్కువ, బూస్ట్ దాదాపు లేదు. ఆ స్థితిలో వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటే పైకి వస్తున్న పిస్టన్ లోపలి గాలిని మళ్లీ ఇంటేక్‌లోకే నెట్టేస్తుంది. మిగిలింది మాత్రమే కుదించబడుతుంది. నాకింగ్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలినట్టు మండటం) భయంతో చాలా టర్బో ఇంజిన్లకు కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్నది, అసలే కాస్త తక్కువగా పెడతారు. దాని మీద ఇది. కంప్రెషన్ తక్కువైతే కారు ఎలా ఉంటుందో తెలియాలంటే 1975లో వచ్చిన పోర్షె 911 టర్బో మంచి ఉదాహరణ. కంప్రెషన్ 6.5, గేర్లు నాలుగే. బూస్ట్ వచ్చేదాకా నీరసం, వచ్చాక ఒక్కసారిగా విరుచుకుపడటం. టర్బో లాగ్‌కు, అంటే ఎక్సలరేటర్ నొక్కాక బూస్ట్ వచ్చేదాకా పట్టే ఆలస్యానికి, ఆ కారు పేరే ఒక గుర్తుగా మిగిలిపోయింది. డ్యూరేషన్ అతిగా పెంచితే, కంప్రెషన్ నిష్పత్తి ముట్టుకోకుండానే, తక్కువ ఆర్‌పీఎం దగ్గర అలాంటి కారునే మనం చేతులారా తయారుచేసుకుంటాం.

ఇక ఓవర్‌ల్యాప్. టర్బో వ్యవహారంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. రెండు వాల్వ్‌లూ తెరిచి ఉన్న ఆ కొద్ది క్షణాల్లో గాలి ఎటు పోతుంది? ఏ వైపు ఒత్తిడి ఎక్కువగా ఉంటే అటునుంచి ఇటు వస్తుంది, అంతే. ఇంటేక్ వైపు బూస్ట్ ఉంది. ఎగ్జాస్ట్ వైపు టర్బైన్ అడ్డంగా కూర్చుని ఉంది కాబట్టి దాని ముందు పొగ ఒత్తిడి పేరుకుంటుంది. త్వరగా తిరగడం మొదలుపెట్టాలని కంపెనీవాళ్లు పెట్టే చిన్న టర్బోతో, బూస్ట్ 1 బార్ ఉన్నప్పుడు టర్బైన్ ముందు ఒత్తిడి 1.5 నుంచి 2 బార్ దాకా ఉండటం మామూలే, అదీ ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర. అప్పుడు ఓవర్‌ల్యాప్ ఎంత పెంచితే అంత కాలిన పొగ వెనక్కి సిలిండర్‌లోకి, కొంత ఇంటేక్‌లోకి కూడా వస్తుంది. తాజా గాలికి చోటు తగ్గుతుంది, లోపల వేడి పెరుగుతుంది, నాకింగ్ దగ్గరపడుతుంది. పవర్ కోసం పెట్టిన క్యామ్ పవర్‌నే తినేస్తుంది. పెద్ద టర్బైన్ ఉండి ఆ రెండు ఒత్తిళ్లూ దాదాపు సమానమైతే కథ వేరు. అప్పుడు ఓవర్‌ల్యాప్ సిలిండర్‌ను కడిగినట్టు శుభ్రం చేస్తుంది. అందుకే ఒకరి కారుకు అద్భుతంగా కుదిరిన క్యామ్ ఇంకొకరి కారుకు, అదే ఇంజిన్ అయినా, కుదరకపోవచ్చు. టర్బో పరిమాణం చెప్పకుండా క్యామ్ సలహా అడగడం, ఇవ్వడం రెండూ దండగే.

వీలైతే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు ఒక సన్నని స్టీలు గొట్టం వెల్డ్ చేయించి, గేజ్ తగిలించి ఆ ఒత్తిడి కొలవండి. క్యామ్ ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత! ఆ ఒక్క రీడింగ్ పది మంది అభిప్రాయాలకంటే ఎక్కువ చెబుతుంది.

చిన్న పక్కమాట: కంపెనీలు ఈమధ్య తీసుకొచ్చిన డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చల్లే) టర్బో ఇంజిన్లు తక్కువ ఆర్‌పీఎం దగ్గర కావాలనే ఓవర్‌ల్యాప్ పెంచుతాయి. అక్కడ ఎక్సలరేటర్ పూర్తిగా నొక్కితే బూస్ట్ ఎగ్జాస్ట్ ఒత్తిడిని మించే సమయం కొంత ఉంటుంది. తాజా గాలి నేరుగా దూసుకుపోయి పొగను ఊడ్చేస్తుంది, టర్బైన్‌కూ ప్రవాహం పెరుగుతుంది. పెట్రోలు ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకున్నాకే చల్లుతారు కాబట్టి వృథా కాదు. పోర్ట్ ఇంజెక్షన్, అంటే ఇంటేక్ దారిలోనే పెట్రోలు చల్లే పద్ధతి ఉన్న పాత ఇంజిన్‌తో ఇదే చేస్తే పెట్రోలు కూడా గాలితోపాటు ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. పైగా ఆ కొత్త ఇంజిన్లలో క్యామ్ కదిపే వ్యవస్థ, అంటే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ ఉంది. అది లేని ఇంజిన్‌లో క్యామ్ ఒకసారి బిగించాక 1,600 దగ్గరా, 6,500 దగ్గరా అదే టైమింగ్‌తో సర్దుకోవాలి.

క్లచ్ సంగతికొస్తే, ఆటోమేటిక్ కారుకు ఉన్న వెసులుబాటు మాన్యువల్‌కు లేదు. అక్కడ క్లచ్ బదులు నూనెతో శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ జారుతూ ఇంజిన్‌ను బూస్ట్ వచ్చే వేగానికి పోనిస్తుంది, గేరు మారేటప్పుడు కూడా ఎక్సలరేటర్ మీద కాలు తీయక్కర్లేదు. మాన్యువల్‌లో క్లచ్ తొక్కగానే కాలు ఎత్తుతాం, థ్రాటిల్ మూసుకుంటుంది, పోగైన బూస్ట్ బయటికి పోతుంది. మళ్లీ 3,800 నుంచి మొదలు. అక్కడ ఇంజిన్ పట్టించుకునే గాలి ఎంత ఎక్కువైతే టర్బో అంత త్వరగా లేస్తుంది. 3,500కే పూర్తి బూస్ట్ ఇచ్చే కారు పెద్ద క్యామ్ వల్ల 4,200కు జరిగితే, ప్రతి సెకండ్ గేరూ ఆ గుంటలో పడే మొదలవుతుంది.

ట్రాఫిక్‌లో ఇంకో బాధ. సెకండ్ గేరు, 1,500 ఆర్‌పీఎం, ఎక్సలరేటర్ కొద్దిగానే నొక్కారు. ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న ఇంజిన్‌లో పొగ కలిసిపోయి ఒకసారి బాగా మండుతుంది, ఒకసారి మండదు. క్లచ్ గట్టిగా పట్టి ఉంది కాబట్టి ఆ కుదుపు నేరుగా చక్రాలకు, అక్కడి నుంచి మన మెడకు చేరుతుంది. ఆగి ఉన్నప్పుడు మాత్రం మాన్యువల్‌దే సుఖం. న్యూట్రల్‌లో ఇంజిన్ మీద లోడ్ ఉండదు కాబట్టి ఐడిల్ కాస్త గరుకుగా ఉన్నా నడిచిపోతుంది. ఆ ధడ్ ధడ్ శబ్దం కోసమే పెద్ద క్యామ్ కొనేవాళ్లున్నారు. టర్బో కారుకు అంతకంటే పనికిరాని కారణం నాకు తట్టదు. ఐడిల్‌లో బ్రేక్‌కు సాయపడే ఇంటేక్ వాక్యూమ్ తగ్గి బ్రేక్ పెడల్ గట్టిపడే ప్రమాదం కూడా అందులోనే ఉంది.

కేటలాగ్ చదివేటప్పుడు రెండు చిక్కులు. ఒకరు డ్యూరేషన్‌ను వాల్వ్ కదలడం మొదలైనప్పటి నుంచి కొలుస్తారు, ఇంకొకరు 1 మిల్లీమీటరు లేచాక, మరొకరు 1.27 మిల్లీమీటర్లు, అంటే 0.050 అంగుళం లేచాక. ఒకే క్యామ్‌కు ఈ అంకెల మధ్య పదుల డిగ్రీల తేడా వస్తుంది. రెండోది, డ్యూరేషన్ క్రాంక్ డిగ్రీల్లో ఉంటే లోబ్ సెపరేషన్ క్యామ్ డిగ్రీల్లో ఉంటుంది. అందుకే దాన్ని 110 నుంచి 114కు పెంచితే ఓవర్‌ల్యాప్ 4 కాదు, 8 డిగ్రీలు తగ్గుతుంది. మనం తీసుకున్న 264 క్యామ్‌కు 44 కాస్తా 36 అవుతుంది. స్టాక్ (కంపెనీ బిగించిన) టర్బో ఉన్న రోజువారీ కారుకు నేను ఎంచుకునేది ఇలాంటిదే: డ్యూరేషన్ స్టాక్ కంటే కొంచెమే ఎక్కువ, లోబ్ సెపరేషన్ వెడల్పు, ఇంటేక్, ఎగ్జాస్ట్ దాదాపు సమానం. పిసినారితనం పక్కనపెట్టాల్సింది లిఫ్ట్ దగ్గర. వాల్వ్ తెరిచి ఉండే సమయం పెంచకుండానే దారి వెడల్పవుతుంది కాబట్టి కింది ఆర్‌పీఎం పెద్దగా దెబ్బతినదు.

లిఫ్ట్ పెంచితే స్ప్రింగులు మార్చాలి. 35 మిల్లీమీటర్ల ఇంటేక్ వాల్వ్ వెనక 1 బార్ బూస్ట్ ఉంటే, మూసి ఉన్న వాల్వ్‌ను తెరవడానికి దాదాపు 10 కిలోల బరువుతో నెట్టినట్టే. టర్బో లేని ఇంజిన్ కోసం లెక్కవేసిన స్ప్రింగు దీన్ని ఊహించదు. మాన్యువల్‌లో ఇంకో గండం ఉంది. థర్డ్‌లో 6,500 దగ్గర ఫోర్త్ వేయబోయి పొరపాటున సెకండ్ వేస్తే, పైన చెప్పిన నిష్పత్తులతో ఇంజిన్‌ను చక్రాలు 9,750కి తిప్పేస్తాయి. ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదు గానీ చక్రాలను ఆపలేదు. వాల్వ్ లోబ్‌ను వదిలి తేలిపోయి, తిరిగి వచ్చేలోగా పిస్టన్‌కు తగులుతుంది. అందుకే కొత్త క్యామ్ బిగించేటప్పుడు పిస్టన్ తల మీద మెత్తటి మట్టి అద్ది, హెడ్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి ఆ మట్టి అచ్చు మందం కొలుస్తారు. ఇంటేక్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎక్కువ వేడెక్కే ఎగ్జాస్ట్ వైపు 2.5 మిగలాలన్నది మెకానిక్‌లు పాటించే లెక్క. అంతకంటే పలచగా కనిపిస్తే ఆ క్యామ్ వెనక్కి ఇచ్చేయడమో, పిస్టన్ తలలో గుంట లోతు చేయించడమో చేయాల్సి రావొచ్చు.