బోర్న్‌విల్‌లో ఇల్లు కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇళ్ల కొనుగోలు కాగితాలు చూసే సొలిసిటర్ల (లాయర్ల) ఆఫీసులో పనిచేస్తాను. క్వీన్ ఎలిజబెత్ హాస్పిటల్లోనో యూనివర్సిటీలోనో ఉద్యోగం చేసే మనవాళ్లు, పిల్లలు కాస్త పెద్దవగానే బోర్న్‌విల్ వైపు చూడటం మామూలే. సిటీ సెంటర్‌కి నాలుగు మైళ్లు, రైలెక్కితే నేరుగా న్యూ స్ట్రీట్‌లో దిగొచ్చు, వీధికి రెండువైపులా చెట్లు, ప్రతి ఇంటికీ తోట. ఒకసారి చూసొచ్చినవాళ్లకి ఇంకో ఏరియా ఆనదు. వెంటనే వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. తలా ఒక మాట చెబుతారు. ఆ మాటలు పట్టుకుని నాకు ఫోన్ చేస్తారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఫ్రీహోల్డ్ (లీజు కాకుండా, స్థలంతో సహా పూర్తి సొంతం) కొన్నాం కాబట్టి ఇల్లు మన ఇష్టం. కౌన్సిల్ అడ్డుచెప్పకపోతే చాలు.

డబ్బు పోగొట్టేది ఈ ఒక్క మాటే. మిగతావన్నీ దీని తర్వాతే.

గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక జంట ఇల్లు కొన్నారు. మా ఆఫీసు ద్వారా కాదు, ఆ తర్వాత పరిచయమయ్యారు. రెండు కార్లు, రోడ్డు మీద పార్కింగ్ కష్టం. ముందున్న హెడ్జ్ (పొదల కంచె) తీసేసి బ్లాక్ పేవింగ్ వేయిద్దామనుకున్నారు. కాంట్రాక్టర్ వచ్చి, నీళ్లు ఇంకే రకం బ్లాకులు వేస్తాం, ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు అన్నాడు. కౌన్సిల్ వరకు ఆ మాట నిజమే. ఇంగ్లండ్‌లో 2008 నుంచి ఉన్న రూలు ప్రకారం, ఇంటి ముందు 5 చదరపు మీటర్లు మించి నీళ్లు ఇంకని నేల వేస్తేనే పర్మిషన్ కావాలి. అడ్వాన్సు ఇచ్చారు, హెడ్జ్ పీకించారు. ఆ ఎస్టేట్‌ని చూసుకునే సంస్థ బోర్న్‌విల్ విలేజ్ ట్రస్ట్ అనుమతి వేరే తీసుకోవాలన్న సంగతి పక్కింటాయన చెబితేగానీ తెలియలేదు. పని ఆపేశారు. కాంట్రాక్టర్ అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు. నేను కాగితాలు చూడటానికి వెళ్లేసరికి ఇంటి ముందు మట్టి, వేళ్ల గుంతలు, ఒక పక్కన ప్లాస్టిక్ చుట్టిన బ్లాకుల దొంతర. ఆవిడ వంటింట్లో నిలబడి ఒకే మాట అడిగింది: "అన్నయ్యా, అంత డబ్బు పోసి కొన్నాం, ఇల్లు మాది కాదా?"

ఇల్లు మీదేనమ్మా. కానీ ఆ ఎస్టేట్‌లో చాలా ఇళ్ల మీద స్కీమ్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఉంటుంది, అంటే బయటి రూపం మార్చాలంటే ట్రస్టు అనుమతి తీసుకోవాలనే కట్టుబాటు. ఇది లీజు కాదు, కౌన్సిల్ రూలూ కాదు. 1967 లీజ్‌హోల్డ్ రిఫార్మ్ చట్టం వచ్చాక లీజు మీద ఉన్నవాళ్లకి ఇంటి ఫ్రీహోల్డ్ కొనుక్కునే హక్కు వచ్చింది. అలా అందరూ కొనేసుకుని ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు మార్చుకుంటే ఏరియా రూపమే పోతుందని, పెద్ద ఎస్టేట్లు హైకోర్టు ఆమోదంతో ఇలాంటి స్కీములు పెట్టుకోవడానికి అదే చట్టం 19వ సెక్షన్‌లో వీలు కల్పించింది. పక్కనే ఎడ్జ్‌బాస్టన్‌లో కాల్తోర్ప్ ఎస్టేట్‌కి ఉంది. లండన్‌లో హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్‌కి, డల్విచ్ ఎస్టేట్‌కి ఉన్నాయి. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో విల్లా కొన్నా ఎలివేషన్ మార్చనివ్వరు కదా, అలాంటిదే అనుకోండి. కాకపోతే దీని వెనక అసోసియేషన్ తీర్మానం కాదు, చట్టం ఉంది. ఓనర్ మారినా స్కీము మారదు, ఇంటితోపాటే వస్తుంది. ఏటా కొంత మేనేజ్‌మెంట్ చార్జీ కూడా ఉంటుంది.

కాబట్టి కిటికీలు, తలుపులు, పైకప్పు, డ్రైవ్‌వే, ఎక్స్‌టెన్షన్, ఇలా బయటికి కనిపించేది ఏది మార్చాలన్నా ట్రస్టుని విడిగా అడగాలి. వెనకవైపు ఒకే అంతస్తు ఎక్స్‌టెన్షన్ మామూలుగా సెమీ-డిటాచ్డ్‌కి 3 మీటర్లు, డిటాచ్డ్‌కి 4 మీటర్ల వరకు ప్లానింగ్ లేకుండానే కట్టుకోవచ్చు అని యూట్యూబ్‌లో చెబుతారు. అది కౌన్సిల్ లెక్క. ట్రస్టు లెక్క వేరు. ఒకరు సరే అన్నారని ఇంకొకరు అన్నట్టు కాదు.

ఇది చదివి టెన్షన్ పడొద్దు, కొనడం మానుకోమనీ నేను చెప్పడం లేదు. అడిగితే అనుమతి వచ్చే పనులు చాలానే ఉంటాయి. అడగకుండా చేసిన పనితోనే చిక్కంతా. అది మీరు చేసిందే కానక్కర్లేదు, పాత ఓనర్ పెట్టించిన ప్లాస్టిక్ కిటికీలైనా సరే, కొన్నాక ఆ తలనొప్పి మీదే. అందుకే కాంట్రాక్టులు ఎక్స్‌చేంజ్ కాకముందే, అంటే ఒప్పందం ఖాయం కాకముందే, మీ సొలిసిటర్‌ని రెండు విషయాలు అడగండి: ఈ ఇంటి మీద స్కీమ్ ఉందా? ఇంతవరకు చేసిన మార్పులకు అనుమతి కాగితాలున్నాయా? స్కీము లోకల్ ల్యాండ్ చార్జిగా (ఆ స్థలం మీదున్న ఆంక్షగా) నమోదై ఉంటుంది, కొనేముందు సొలిసిటర్ చేయించే సెర్చ్‌లో (రికార్డుల తనిఖీలో) బయటపడుతుంది. కాగితాలు లేకపోతే అనుమతి తెచ్చే పని అమ్మేవాళ్ల మీద పెట్టండి. ఆత్రంగా మీరే ట్రస్టుకి ఫోన్ చేయకండి. ఒకసారి వాళ్ల దృష్టికి వెళ్లాక, అనుమతి లేని పాత మార్పుల వల్ల వచ్చే నష్టాన్ని భరించే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లు సాధారణంగా వెనక్కి తగ్గుతారు, చేతిలో ఉన్న ఒక దారి మూసుకుపోతుంది. ఎక్స్‌చేంజ్ అయ్యాక వెనక్కి తగ్గితే మామూలుగా పది శాతం డిపాజిట్ పోతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటారా? కాడ్బరీ అన్నదమ్ములు రిచర్డ్, జార్జ్ 1879లో సిటీ మధ్యలోని బ్రిడ్జ్ స్ట్రీట్ నుంచి ఫ్యాక్టరీని ఇక్కడి పొలాల్లోకి తెచ్చారు. నగరం ఇరుకు గల్లీలతో ఇటువైపు కూడా పాకుతుందని జార్జ్‌కి భయం. 1893లో 120 ఎకరాలు కొన్నాడు. 1895లో ఇళ్లు మొదలయ్యాయి. విలియం అలెగ్జాండర్ హార్వీ అనే కుర్ర ఆర్కిటెక్టు చాలా ఇళ్లకు ప్లాను గీశాడు. స్థలంలో నాలుగో వంతుకు మించి ఇల్లు కట్టకూడదన్నారు. మిగిలింది తోట. అద్దెకొచ్చేవాళ్ల కోసం ముందే నేల తవ్వి, చివర్లో పండ్ల చెట్లు నాటి ఇచ్చేవారు. చిన్న కాటేజీల్లో స్నానాల గదికి చోటు లేక, తొట్టిని వంటింటి నేలలోకి దించి పైన మూత వేశారు. అంత చిన్న ఇంట్లోనూ తోట మాత్రం తగ్గించలేదు. మీరు ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ముచ్చటపడ్డ ఆ హెడ్జ్ వరస ఇన్నేళ్లు నిలబడిందంటే, ఎవరో ఒకరు అడ్డుపడుతూ వచ్చినందుకే. నాకు ఆ రూలు మీద గౌరవమే ఉంది. తెలియక దెబ్బతిన్నవాళ్లను చూస్తేనే బాధ.

అపోహ: అది కాడ్బరీ ఉద్యోగుల కాలనీ. కంపెనీ అమెరికావాళ్ల చేతికి పోయింది కాబట్టి ఎస్టేట్ కూడా పోతుంది.

రెండూ తప్పే. మొదటి నుంచీ బయటివాళ్లకీ ఇళ్లిచ్చారు, జార్జ్ ఉద్దేశమే అది. 1900లో ఎస్టేట్‌ని కంపెనీతో సంబంధం లేని ట్రస్టుకి రాసిచ్చేశాడు. 2010లో క్రాఫ్ట్ కొన్నది చాక్లెట్ కంపెనీని, ఈ వీధుల్ని కాదు. ఈ పుకారు నమ్మి మంచి ఇల్లు వదులుకున్నవాళ్లున్నారు. ఎవరు పుట్టిస్తారో ఇలాంటివి!

అపోహ: బి30 పిన్‌కోడ్ ఉంటే బోర్న్‌విలే.

స్టర్చ్‌లీ, కాటరిడ్జ్ కూడా బి30లోనే వస్తాయి. ప్రకటనలో ఏం రాసినా టైటిల్ రిజిస్టర్ (యాజమాన్య రికార్డు), సెర్చ్ ఫలితాలే చూడండి.

అపోహ: అక్కడ ఇంట్లో కూడా మందు తాగనివ్వరు.

జార్జ్ కాడ్బరీ క్వేకర్ (క్రైస్తవంలో ఒక శాఖ), మద్యానికి వ్యతిరేకి. అందుకే ఎస్టేట్‌లో పబ్బులు లేవు. మీ ఇంట్లో మీరేం తాగుతారో ఎవరికీ పట్టదు. స్టర్చ్‌లీకి నడిచి వెళ్తే కావలసినన్ని పబ్బులు.

అపోహ: అదంతా క్వేకర్లది, మనల్ని కలుపుకోరు.

ఈ మాట అడిగేటప్పుడు చాలామంది గొంతు తగ్గిస్తారు, ముఖ్యంగా కొత్తగా వచ్చినవాళ్లు. క్వేకర్ల మీటింగ్ హౌస్ 1905 నుంచి ఉంది, నిజమే. ఆంగ్లికన్ చర్చీ ఉంది. దేశం విడిచి వచ్చిన సెర్బియన్లు 1968లో కట్టుకున్న ఆర్థడాక్స్ చర్చి కూడా బోర్న్‌విల్‌లోనే ఉంది. ఇల్లు కొనడానికి మతం, జాతి అడిగేవాళ్లు లేరు, అడిగితే అది చట్టవిరుద్ధం. మన కుటుంబాలు కొన్ని ఇప్పటికే అక్కడ ఉన్నాయి. శనివారం టివిడేల్ బాలాజీ గుడికి కారులో వెళ్లొస్తారు, తోటలో గోంగూర వేస్తారు. తోటలో ఏ కూర వేసుకున్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెట్టు కొట్టాలంటే మాత్రం ట్రస్టుని అడగాలి. ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపం కాపాడాలని కౌన్సిల్ ప్రకటించిన చోట) ఉంటే కౌన్సిల్‌కి కూడా ఆరు వారాల ముందు నోటీసు ఇవ్వాలి.