ఊరికి మేనిఫెస్టో రాయడం గురించి అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, కలిగిరి వైపు, మండల స్థాయిలో పార్టీ పని చేస్తుంటాను. స్థానిక ఎన్నికలు దగ్గర పడితే ప్రాధాన్యాల కాగితం రాసే బాధ్యత నాకే వస్తుంది. ఏ పార్టీ అనేది ఇక్కడ అనవసరం. నేను చెప్పబోయే అపోహలు అన్ని పార్టీల వాళ్లలోనూ ఉన్నాయి, ఓటర్లలో కూడా ఉన్నాయి, వాటి వల్ల నష్టపోయేది మాత్రం ఊళ్లే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: సర్పంచ్ ఎన్నికకి కూడా పార్టీ మేనిఫెస్టో వేసుకోవచ్చు.

వేసుకోకూడదు. సర్పంచ్, వార్డు మెంబర్ ఎన్నికలు మన రాష్ట్రంలో పార్టీలకి అతీతంగా జరుగుతాయి, పార్టీ గుర్తులు ఉండవు. ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యులు), జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యులు) ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తుల మీదే. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు ఒక పెద్ద పార్టీ మేనిఫెస్టో విడుదల చేస్తే రాష్ట్ర ఎన్నికల సంఘం కుదరదని చెప్పింది. కాబట్టి పార్టీ పేరుతో రాసే ప్రాధాన్యాలు మండల పరిషత్, జిల్లా పరిషత్ స్థాయికి సరిపోయేలా ఉండాలి. సర్పంచ్‌గా నిలబడే మనిషి తన ఊరికి ఏం చేస్తాడో తన పేరు మీద, తన మాటగా విడిగా చెప్పుకోవాలి. ఈ తేడా కార్యకర్తలకి మొదటి రోజే చెప్పకపోతే తర్వాత కోడ్ ఉల్లంఘన అని ఫిర్యాదులు, టెన్షన్.

అపోహ: సర్పంచ్ తలుచుకుంటే ఊళ్లో కాని పని లేదు.

ఈ ఒక్క నమ్మకం వల్లే మన కాగితాలన్నీ పాడైపోతున్నాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, 11వ షెడ్యూల్లో 29 అంశాలు పంచాయతీరాజ్ సంస్థలకి అప్పగించొచ్చని రాశారు. చాలామంది ఆ 29 చూపించి ఇవన్నీ మన చేతిలోవే అంటారు. షెడ్యూల్లో ఉన్నంత మాత్రాన అధికారం, డబ్బు, ఉద్యోగులు ఊరికి వచ్చేసినట్టు కాదు, అవి రాష్ట్రం బదిలీ చేస్తేనే వస్తాయి.

రోడ్డు సంగతే తీసుకోండి. ఊరి లోపలి వీధి పంచాయతీది. ఊరి నుంచి పక్క ఊరికో మండల కేంద్రానికో పోయే రోడ్డు మామూలుగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్లది. పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖది. గుంతలో బండి పడితే జనం సర్పంచ్‌నే తిడతారు, అది సహజమే, కానీ మనం రాసే కాగితంలో ఆ గుంత ఎవరిదో తెలిసి రాయాలి కదా.

పొగాకు ఇంకో ఉదాహరణ. కలిగిరిలో, డీసీపల్లిలో వేలం కేంద్రాలు ఉన్నాయి, మా మండలాల్లో బ్యారన్ (పొగాకు ఎండబెట్టే కొట్టం) ఉన్న ఇల్లంటే ధర మీదే బతుకు. ధర పడిపోయిన ఏడాది ఎంపీటీసీ అభ్యర్థి కరపత్రంలో 'గిట్టుబాటు ధర ఇప్పిస్తాం' అని ఉంటుంది. పొగాకు బోర్డు కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఎంత పంట వేయాలనేది కూడా ఆ బోర్డే నిర్ణయిస్తుంది. మండల పరిషత్ సభ్యుడు చేయగలిగింది సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టించడం, ఆ తీర్మానాన్ని ఎమ్మెల్యే, ఎంపీల దగ్గరికి తీసుకుపోయి వెంటపడటం. అదే రాయండి. 'వెంటపడతాం, ఎవరి వెంట పడతామో ఇదిగో' అని రాస్తే రైతు అర్థం చేసుకుంటాడు. ఇప్పిస్తాం అని రాసి ఇప్పించలేకపోతే మళ్లీ ఆ గడప తొక్కలేం.

అందుకే నేను ప్రతి వాగ్దానం పక్కన రెండు ముక్కలు రాయమంటాను: ఇది ఎవరి అధికారం, ఏ పద్దు నుంచి డబ్బు. రెండిట్లో ఏది ఖాళీగా ఉన్నా ఆ వాగ్దానాన్ని 'ఒత్తిడి తెచ్చే అంశాలు' అనే వేరే పేజీలోకి మార్చాలి.

అపోహ: పంచాయతీకి డబ్బు లేదు, పైనుంచి నిధులొస్తేనే ఏదైనా.

సగం నిజం. పైనుంచి వచ్చే డబ్బు ఉంది, దానికి షరతులు ఉన్నాయి, ఆ షరతులు ఎవరూ చదవరు. ఆర్థిక సంఘం అంటే కేంద్రం డబ్బు రాష్ట్రాలకి, స్థానిక సంస్థలకి ఎంత ఇవ్వాలో చెప్పే సంఘం. 14వ ఆర్థిక సంఘం గ్రాంట్లు గ్రామ పంచాయతీలకి మాత్రమే ఇచ్చింది. 15వ ఆర్థిక సంఘం పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్ మూడింటికీ ఇచ్చింది. 2021-26 కాలానికి అందులో 60 శాతం టైడ్, అంటే ఫలానా దానికే వాడాలని కట్టేసిన డబ్బు: సగం తాగునీరు, వాననీటి సంరక్షణకి, సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది గానీ జీతాలకి, ఆఫీసు ఖర్చులకి వాడే వీల్లేదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, కాబట్టి కొత్త కాగితం రాసేవాళ్లు పాత లెక్క కాపీ కొట్టకుండా కొత్త షరతులు దగ్గర పెట్టుకుని రాయాలి.

ఈ లెక్క తెలియకపోతే ఏమవుతుందంటే, అభ్యర్థి ఆర్చి కట్టిస్తానంటాడు, కమ్యూనిటీ హాలు అంటాడు, గెలిచాక చూస్తే ఖాతాలో డబ్బు కనపడుతుంటుంది గానీ అది నీళ్లకీ కాలవలకీ తప్ప కదలదు, జనానికేమో సర్పంచ్ డబ్బు పెట్టుకుని పని చేయట్లేదన్న అనుమానం. అదే మొదటే 'ఈ డబ్బులో కట్టేసిన భాగం నీళ్లకి, మురుగు కాలవలకి పోతుంది, మన ఊళ్లో ఏ వీధి ముందు, ఏ బోరు ముందు అని మీరే చెప్పండి' అంటే గొడవే లేదు.

ఇక సొంత ఆదాయం. ఇంటి పన్ను, నీటి పన్ను, షాపు గదుల అద్దె, పంచాయతీ ఆధీనంలోని చేపల చెరువు వేలం, చింతచెట్ల వేలం, లేఅవుట్ ఫీజులు. ఈ డబ్బుకి షరతులు తక్కువ, ఊరికి నిజమైన స్వేచ్ఛ ఇక్కడే ఉంది. పన్ను మాట ఎత్తితే ఓట్లు పోతాయని మా వాళ్లు వణికిపోతారు. నా అనుభవంలో జనానికి కోపం పన్ను మీద కాదు, రసీదు ఇవ్వకపోవడం మీద, పెద్దిళ్ల బకాయి వదిలేసి చిన్నిళ్ల ముందు నిలబడటం మీద. బకాయిల జాబితా పంచాయతీ గోడకి అంటించి, మన పార్టీ వాళ్ల ఇళ్లు అందులో ఉంటే ముందు వాళ్లతో కట్టించి, ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లండి. నేను రాసే ప్రతి కాగితంలో ఇది మొదటి పేజీలోనే ఉంటుంది, తీసేయమని ఎంతమంది చెప్పినా తీయను.

అపోహ: కుళాయి వేస్తే నీళ్ల సమస్య తీరినట్టే.

మెట్ట మండలాల్లో మిగతా ప్రాధాన్యాలన్నీ దీని తర్వాతే. జల్ జీవన్ మిషన్ 2019లో మొదలైంది, మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటి కుళాయిలో అందించాలని లక్ష్యం. కుళాయి బిగించడం కాంట్రాక్టర్ పని, ఒకసారితో అయిపోతుంది. ఆ తర్వాత మోటారు కాలితే బాగు చేయించేది, ట్యాంకు కడిగించేది, క్లోరిన్ కలిపించేది, కరెంటు బిల్లు కట్టేది పంచాయతీ. వాగ్దానం రాసేటప్పుడు 'ఇంటింటికీ కుళాయి' అని పెద్ద అక్షరాల్లో రాస్తారు, పంపు ఆపరేటర్‌కి నెలనెలా జీతం ఎక్కడి నుంచి ఇస్తామో ఎక్కడా ఉండదు. ఆపరేటర్‌కి మూడు నెలలు జీతం రాకపోతే నీళ్లు ఏ టైంకి వస్తాయో మీకే తెలుసు.

రెండోది ఫ్లోరైడ్. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఇది పాత బాధ. తాగే నీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. అంతకు మించితే పిల్లలకి పళ్లు ఏర్పడే వయసులో గారపళ్లు వస్తాయి, అవి మళ్లీ మామూలుగా మారవు, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. 'కాచి చల్లార్చి తాగండి' అని మంచి మనసుతో చెప్పేవాళ్లు ఉన్నారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వో ప్లాంటు ఫ్లోరైడ్ తగ్గిస్తుంది నిజమే, కానీ మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) టైంకి మార్చకపోతే పేరుకే ప్లాంటు, పైగా వృథాగా పోయే నీరు ఎక్కువ. దాత ఎవరో ఇచ్చిన ప్లాంటుకి రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగడం సులువు. మెంబ్రేన్ మార్చే ఖర్చు ఎవరిది అనే ప్రశ్న ఆ రోజే అడగండి.

శాశ్వత పరిష్కారం ఉపరితల నీరే. సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు నిలబెట్టగలం, దాని హైలెవల్ కాలువ మా మెట్ట కోసమే. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు, శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీలు తెచ్చి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకి ఇవ్వాలని, దాంతోపాటు తాగునీరు కూడా. ఆ ఏడాది పుట్టిన పిల్లలకి ఇప్పుడు పిల్లలు పుట్టారు. ఇవి ఎంపీటీసీ తెచ్చేవి కావు, రాష్ట్రం తేవాలి. ఇవి ఒత్తిడి పేజీలో మొదటి వరసలో ఉండాలి, ప్రతి సర్వసభ్య సమావేశంలో అడగాలి. అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి ఏంటంటే: ప్రతి బోరుకీ నీటి పరీక్ష చేయించి ఫలితం బోరు దగ్గరే పెయింటుతో రాయించడం, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు వాడకానికి మాత్రమే అని గుర్తు పెట్టడం, బడికీ అంగన్‌వాడీకీ ముందుగా మంచి నీరు ఇవ్వడం, వేసవిలో ట్యాంకర్ ఏ వాడకి ముందు వెళ్లాలో వేసవి రాకముందే తీర్మానించడం. మా దగ్గర ట్యాంకర్ ఎప్పుడూ బస్టాండ్ సెంటర్ దాకా వచ్చి ఆగిపోతుంది, ఎస్సీ కాలనీ, ఎస్టీ కాలనీ చివరికి మిగులుతాయి. ఈ వరస తిరగేయాలని కాగితంలో స్పష్టంగా రాయాలి. పశువుల తొట్లు కూడా మర్చిపోకండి, మెట్టలో గొర్రెలూ మేకలూ బర్రెలూ లేని బతుకు లేదు.

అపోహ: గ్రామసభ అంటే సంతకాల పుస్తకం.

అలా చేసింది మనమే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకి తీర్మానాలు చేశారు. ఆ రోజు సభలో పేరు ఎక్కిన పనికీ ఎక్కని పనికీ తేడా తర్వాత ఊళ్లకి బాగా తెలిసొచ్చింది. ఆర్థిక సంఘం డబ్బుకి కూడా అంతే, ఏటా తయారయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పని ఉండాలి, అది ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కాలి, అప్పుడే ఖర్చు. ఆ ప్రణాళిక సభలకి మన కార్యకర్తలు పదిమంది ఆడవాళ్లని, ఇద్దరు కౌలు రైతులని తీసుకుపోతే అది చాలు, వేరే ప్రచారం అక్కర్లేదు. ఈ-గ్రామస్వరాజ్‌లో మీ ఊరి ఖర్చు ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు.

అపోహ: మహిళా సర్పంచ్ అంటే భర్త నడిపేదే కదా, ఆవిడతో ఎజెండా చర్చ ఎందుకు.

ఈ మాట మా జిల్లాలో అనేవాళ్లకి నేను దూబగుంట గుర్తు చేస్తాను. కలిగిరి మండలంలో చిన్న ఊరు. 1992లో అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందుండి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా దాటింది, రాష్ట్రం దాకా పోయింది, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. అప్పటి రాష్ట్ర రాజకీయాల ఎజెండాని మార్చింది ఏ పార్టీ కమిటీ కూడా కాదు. ఇప్పుడు స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకే ఉన్నాయి. బెల్టు షాపులు, వీధి దీపాలు, బడి దగ్గర మరుగుదొడ్లు, ఆస్పత్రికి పోయే బస్సు: ఇవి మగవాళ్లు మాత్రమే కూర్చుని రాసిన కాగితాల్లో చివరి పేజీలో ఉంటాయి లేదా అసలుండవు. అందుకే మా దగ్గర ముసాయిదా మొదట పొదుపు సంఘాల ఆడవాళ్ల ముందు చదువుతాం, తర్వాతే కమిటీకి. చదివేది కూడా పోటీ చేసే ఆవిడే, ఆమె భర్త కాదు.

అపోహ: ఏకగ్రీవం అయితే ఊరికి లాభం.

ప్రోత్సాహకం ఇస్తారు, 2021లో జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల వరకు ప్రకటించారు. అది ఒక్కసారి వచ్చే డబ్బు. నిజంగా అందరూ కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకుంటే మంచిదే, నేను వ్యతిరేకం కాదు. రామాలయం దగ్గర నలుగురు పెద్దలు వేలం పాడి తేల్చేస్తే మాత్రం ఐదేళ్లు ఎవరినీ ఏమీ అడగలేం, ఎందుకంటే మాట ఇచ్చిందే లేదు.

అపోహ: ముగ్గురు పిల్లలుంటే నిలబడకూడదు.

ఆ నిబంధన 2024 నవంబర్‌లో సవరణతో తీసేశారు. 21 ఏళ్లు నిండి, మిగతా అర్హతలు ఉంటే చాలు. ఇది తెలియక మంచి అభ్యర్థులు ఇంకా వెనక్కి తగ్గుతున్నారు, చెప్పండి.

అపోహ: గ్రామ సచివాలయం వచ్చాక పంచాయతీకి పనేం లేదు.

2019 అక్టోబర్ 2న మొదలైన సచివాలయాలు ప్రభుత్వ సేవలు ఇంటి దగ్గరికి తెచ్చే కార్యాలయాలు. పంచాయతీ మనం ఓటేసి ఎన్నుకున్న సంస్థ, నీళ్లు, కాలవలు, దీపాలు, పన్ను దానివే. సర్టిఫికెట్ ఆలస్యమైతే సచివాలయానికి వెళ్లండి, కాలవ పొంగితే పంచాయతీకి.

అపోహ: ఎన్ని హామీలు రాస్తే అంత మంచి మేనిఫెస్టో.

మండలానికి ఐదో ఆరో చాలు. మా మెట్టకి నా వరస చెప్తాను, మీ మండలానికి వేరేగా ఉండొచ్చు, డెల్టా వైపు మురుగు నీరు, కాలవ చివరి భూములు ముందుకొస్తాయి. మాకు మొదట తాగునీరు, నాణ్యతతో సహా. రెండు, చెరువులు: పూడిక, తూము, కట్ట మీద కంప, వాగు నుంచి చెరువుకొచ్చే సప్లై చానెల్ ఆక్రమణలు. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఉన్నాయి, 2024 డిసెంబర్‌లో వాటికి ఎన్నికలు కూడా జరిగాయి, చెరువు మాట రాసేముందు ఆ సంఘం అధ్యక్షుడితో కూర్చోవాలి. మూడు, పన్నులు-ఖర్చులు గోడ మీద. నాలుగు, ఉపాధి పనులు వేసవికి ముందే మొదలవ్వడం, మేట్ (పని దగ్గర కూలీలని చూసుకునే మనిషి) పక్షపాతం లేకుండా. ఐదు, దళిత, గిరిజన కాలనీలకి వీధి, కాలవ, శ్మశానానికి దారి. శ్మశానానికి దారి లేని కాలనీలు మా దగ్గర ఇంకా ఉన్నాయి, శవాన్ని చేలగట్ల మీద మోసుకుపోతున్నారు, దీన్ని ఎన్నికల అంశం అనుకోవడానికి కూడా చాలామంది నాయకులకి మనసు రాలేదు.

ముసాయిదా మొదలుపెట్టే ముందు ప్రతి ఊరి నుంచి నాలుగు కాగితాలు తెప్పించుకోండి: గత మూడేళ్ల పంచాయతీ జమాఖర్చులు, కరెంటు బకాయి బిల్లు, బోర్ల నీటి పరీక్ష ఫలితాలు, ఆమోదమై ఆగిపోయిన పనుల జాబితా. అవి ఇవ్వని ఊరు ఉంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.