తాగుడు రక్తంలోనే ఉంటుందా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో వ్యసనాల వైద్యం చేసే సైకియాట్రిస్టుని. అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చే కుటుంబాలైనా, మారతహళ్ళి పీజీల్లో ఉండే మన సాఫ్ట్‌వేర్ పిల్లలైనా నా దగ్గర అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: "తండ్రి తాగుబోతు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

వాస్తవం: మేస్తుంది. ముప్పు మిగతావాళ్ళకంటే ఎక్కువే గానీ, తాగే తండ్రుల పిల్లల్లో ఎక్కువమంది బానిసలు కారు. మద్యం వ్యసనంలో వారసత్వం పాలు సుమారు 50 శాతమని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతాయి. అది జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క. మీవాడు తాగుబోతయ్యే అవకాశం సగం అని కాదు. ఈ ఒక్క కారణంతో పిల్లాడి సంబంధం వదులుకోకండి.

అపోహ: "మావాడికి కెపాసిటీ ఎక్కువ డాక్టర్‌గారూ. నాలుగు పెగ్గులేసినా తూలడు."

వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టే మాట ఇదే. అమెరికాలో మార్క్ షుకిట్ అనే సైకియాట్రిస్టు కుర్రాళ్ళకు కొలిచి మద్యం ఇచ్చి చూశారు. వాళ్ళలో కొందరు తాగుడు వ్యసనమున్న తండ్రుల కొడుకులు. తక్కువ మత్తెక్కినవాళ్ళలోనే ఏళ్ళ తర్వాత వ్యసనం ఎక్కువగా కనిపించింది. చాలని ఒళ్ళు చెప్పదు, అందుకే ఇంకో పెగ్గు పడుతుంది. ఈ లక్షణంలోనూ జన్యువుల పాత్ర ఉంది. ఇంట్లో తాగుడు చరిత్ర ఉండి, టీమ్ పార్టీలో చివరిదాకా నిటారుగా నిలబడ్డ కుర్రాణ్ణి దయచేసి మెచ్చుకోకండి. ముందుగా మా దగ్గరికి రావలసింది అతనే.

అపోహ: "ఏదో జన్యువుంటుందటగా, టెస్టు రాయండి."

వాస్తవం: ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు తలా కాస్త ప్రభావం చూపుతాయి. బాగా తెలిసినది ఏఎల్‌డీహెచ్2 అనే జన్యువు. మద్యం ఒంట్లో విరిగినప్పుడు పుట్టే విషపదార్థాన్ని తొలగించే ఎంజైము దీనినుంచే తయారవుతుంది. తూర్పు ఆసియాలో చాలామందికి ఈ ఎంజైము సరిగా పనిచేయదు. కాస్త తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది. వాళ్ళలో మద్యం వ్యసనం తక్కువ. మనవాళ్ళలో ఈ జన్యువుకు ఆ రూపం అరుదు. తాగుడు మాన్పించడానికి మేమిచ్చే డైసల్ఫిరామ్ మాత్ర అడ్డుకునేది ఈ ఎంజైమునే. దాన్ని సాంబారులో తెలియకుండా కలిపితే, తాగినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. ఆ పని చేయకండి.

అపోహ: "జన్యువుల్లోనే ఉంటే వైద్యం దండగ."

వాస్తవం: వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల్లో అత్యధికులు ఇంటికొచ్చాక మళ్ళీ అందులో పడలేదని 1970లలో లీ రాబిన్స్ అనే అమెరికా పరిశోధకురాలు చూపించారు. జన్యువులు అవే, మారింది పరిసరాలు. ఇంట్లో చరిత్ర ఉంటే మొదటి గ్లాసును వీలైనంత వెనక్కి నెట్టండి. ఇప్పటికే మొదలైతే ఉచిత హెల్ప్‌లైన్ 14446.