ఎండ, ఊపిరి, ఒక పొడి ప్యాకెట్

2021 ఏప్రిల్, మే నెలల్లో మా వీధిలో కరోనా తొంగిచూడని ఇల్లు లేదు. డాక్టర్లు ఫోన్లోనే మందులు చెప్పేవారు. పారాసెటమాల్, జింకు, సి విటమిన్, చివర్లో వారానికొకటి చొప్పున డి విటమిన్ 60,000 యూనిట్లు. ఆ పొడి ప్యాకెట్ చించి గ్లాసుడు పాలలో కలుపుకొని తాగినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఎముకల కోసం రాసే మందు ఊపిరితిత్తుల జబ్బులోకి ఎలా వచ్చిందన్నది పెద్ద కథ. అది కరోనాతో మొదలు కాలేదు.

1849లో లండన్‌లోని బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యుడు విలియమ్స్, క్షయ రోగులకు కాడ్ చేప కాలేయం నూనె పట్టించి మంచి గుణం కనిపించిందని రాశాడు. ఆ నూనెలో ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. చర్మానికి వచ్చే క్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. కొండల మీద, పొడి గాలి ఉన్న చోట్ల శానటోరియాలు, అంటే క్షయ రోగులు ఉండి కోలుకునే ఆసుపత్రులు, వెలిశాయి. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం కూడా ఆ కాలంలో పుట్టిందే. మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి: క్షయకు అప్పుడున్న వైద్యం అంతే.

1919లో రెండు చోట్ల చిక్కుముడి విడింది. బెర్లిన్‌లో హుల్ద్‌షిన్‌స్కీ, రికెట్స్‌తో (ఎముకలు మెత్తబడే జబ్బుతో) కాళ్లు వంకరపోయిన పిల్లలకు అతినీలలోహిత దీపం కాంతి పట్టించి నయం చేశాడు. ఇంగ్లండ్‌లో మెలన్‌బీ, కుక్కపిల్లలకు తిండి మార్చి రికెట్స్ తెప్పించి, కాడ్ నూనెతో పోగొట్టాడు. 1922లో అమెరికాలో మెకొలమ్ ఆ నూనెలోని పదార్థానికి డి విటమిన్ అని పేరు పెట్టాడు. ఎండ తగిలితే చర్మంలో తయారయ్యేదీ అదే. తర్వాత స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు వచ్చింది, క్షయకు నూనెతో, ఎండతో పని లేకుండా పోయింది. డి విటమిన్ ఎముకల డాక్టరు గదికే పరిమితమైంది.

కానీ పిల్లల వార్డుల్లో పనిచేసేవాళ్లు ఒక సంగతి చూస్తూనే ఉన్నారు. రికెట్స్ ఉన్న బిడ్డకు న్యుమోనియా వస్తే ఆ బిడ్డ తట్టుకోవడం కష్టం. పక్కటెముకలు మెత్తగా ఉంటాయి. ఊపిరి లాగినప్పుడల్లా రొమ్ము లోపలికి పోతుంది. కండరాల్లో సత్తువ ఉండదు, గట్టిగా దగ్గి కఫం బయటికి తేలేదు. 1997లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఈ సంగతిని అంకెల్లో పెట్టింది. న్యుమోనియాతో చేరిన 500 మంది చిన్నపిల్లల్లో 210 మందికి రికెట్స్ ఉంది. న్యుమోనియా లేని 500 మందిలో 20 మందికే ఉంది. ఎండకు కరువు లేని దేశంలో ఇది! ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ 210 మందే.

ఇంకోవైపు ఇంగ్లండ్‌లోని సైరన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో హోప్ సింప్సన్ అనే మామూలు ఫ్యామిలీ డాక్టరు, ఫ్లూ చలికాలంలోనే ఎందుకు విజృంభిస్తుందని ఏళ్ల తరబడి లెక్కలు కట్టాడు. సూర్యుడి గమనంతో ముడిపడిన ఏదో కారణం దీని వెనుక ఉందని 1981లో రాశాడు. అదేమిటో చెప్పలేకపోయాడు. ఆ కారణం డి విటమినే అయి ఉండాలని 2006లో అమెరికా మానసిక వైద్యుడు కానెల్, ఆయన సహచరులు వాదించారు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో మోడ్లిన్ బృందం కణాల్లో జరిగే పనిని చూపించింది. క్షయ క్రిమి ఎదురైనప్పుడు రోగనిరోధక కణం డి విటమిన్‌ను వాడుకుని కాథెలిసిడిన్ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది. క్రిమిని చంపే ఆయుధం అది. విటమిన్ చాలకపోతే ఆయుధం సరిగా తయారుకాదు. నూట యాభై ఏళ్ల నాటి కాడ్ నూనెకు ఒక అర్థం దొరికినట్టయింది.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. జపాన్‌లో బడిపిల్లలకు చలికాలమంతా రోజూ 1,200 యూనిట్లు ఇస్తే, ఎ రకం ఫ్లూ 10.8 శాతం మందికి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 18.6 శాతానికి వచ్చింది. కాబూల్‌లో 3,000 మందికి పైగా పసివాళ్లకు మూడు నెలలకొకసారి లక్ష యూనిట్లు పోస్తే న్యుమోనియా తగ్గలేదు. న్యూజిలాండ్‌లో పెద్దవాళ్లకు నెలనెలా పెద్ద మోతాదు ఇచ్చినా జలుబులు తగ్గలేదు. 2017లో లండన్‌కు చెందిన మార్టినో బృందం 25 పరీక్షల్లోని దాదాపు 11,000 మంది వివరాలను ఒక్కచోట పోసి చూసింది. మొత్తం మీద ప్రయోజనం కొద్దిపాటిదే. అయితే రక్తంలో విటమిన్ బాగా అడుగంటినవాళ్లు రోజూ గానీ వారానికొకసారి గానీ కొద్దికొద్దిగా తీసుకుంటే మేలు గట్టిగా కనిపించింది. ఒకేసారి గుమ్మరించిన పెద్ద మోతాదుతో ఆ మేలు లేదు.

కరోనా వచ్చేనాటికి లెక్క ఇదీ. ఈ తేడా తెలిసి కూడా మనం పెద్ద మోతాదు వైపే పరుగెత్తాం.

డి విటమిన్ తక్కువ ఉన్నవాళ్లకే కరోనా ముదురుతోందని దేశదేశాల నుంచీ నివేదికలు వచ్చాయి. అవి అబద్ధాలు కావు. కానీ వాటిలో ఒక చిక్కుంది. ఒంట్లో వాపు పెరిగితే రక్తంలో ఈ విటమిన్ దానంతటదే పడిపోతుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే 40 శాతం దాకా తగ్గినట్టు 2011లోనే తేలింది. ఐసీయూలో పడ్డాక తీసిన రక్తంలో విటమిన్ తక్కువ కనిపిస్తే, జబ్బుకు అది కారణమా, జబ్బు వల్ల వచ్చిన ఫలితమా? పైగా ముసలివాళ్లలో, ఊబకాయుల్లో, ఇల్లు కదలని రోగుల్లో అది ముందే తక్కువ. కరోనా కాటేసిందీ వాళ్లనే.

2020లో స్పెయిన్‌లోని కార్డోబాలో 76 మందితో చేసిన చిన్న పరీక్ష ప్రపంచాన్ని ఊపేసింది. డి విటమిన్‌లో ఒక రూపం ఇచ్చిన 50 మందిలో ఒక్కరే ఐసీయూకు వెళ్లారు. ఇవ్వని 26 మందిలో 13 మంది వెళ్లారు. తర్వాత బ్రెజిల్‌లో 240 మంది రోగులతో జరిగిన పరీక్షలో, ఒకేసారి 2 లక్షల యూనిట్లు తాగినవాళ్లూ తాగనివాళ్లూ ఆసుపత్రిలో దాదాపు అన్నే రోజులు ఉన్నారు. బ్రిటన్‌లో 6,200 మందితో, నార్వేలో 34,000 మందికి పైగా జనంతో చేసినవీ గుణం చూపలేదు. నార్వేలో ఇచ్చింది రోజూ చెంచాడు కాడ్ నూనే! అయితే అక్కడ చాలామందికి విటమిన్ కొరత ముందే లేదు. నిండిన కుండలో నీళ్లు పోసి దాహం తీరుతుందేమో చూసినట్టయింది. మార్టినో లెక్కకు 2025లో మరిన్ని పరీక్షలు కలిపాక, ఆ కొద్దిపాటి ప్రయోజనం కూడా నిలబడలేదు.

మరి మన కుండ నిండుగా ఉందా? తిరుపతి ఆసుపత్రి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం 2000ల్లోనే చిత్తూరు జిల్లా పల్లెల్లో రక్తం పరీక్షలు చేసింది. పొద్దంతా పొలంలో ఎండలో పనిచేసే వ్యవసాయ కూలీల్లో కూడా కొరత కనిపించింది, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. పాలు, పెరుగు సరిపడా లేని తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యాల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు ఆ కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం చాలనప్పుడు ఒళ్లు డి విటమిన్‌ను తొందరగా ఖర్చు చేసేస్తుంది. ఎండలో నిలబడితే చాలు అని కూలిమనిషికి సలహా ఇచ్చేవాళ్లు ఈ ఫలితాలు చదవాలి.

2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల వైద్యుల సంఘం), 50 ఏళ్లలోపు ఆరోగ్యవంతులైన పెద్దలకు మామూలు అవసరానికి మించి ఈ విటమిన్ అక్కర్లేదని, ఊరికే పరీక్షలు చేయించొద్దని చెప్పింది. 18 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం ఇవ్వమంది, రికెట్స్ రాకుండా, బహుశా శ్వాసకోశ జబ్బులు తగ్గేందుకు కూడా. మన పిల్లల డాక్టర్లు పుట్టిన బిడ్డకు ఏడాదిపాటు రోజూ 400 యూనిట్ల చుక్కలు రాస్తారు. చిన్న సీసా, డ్రాపర్‌తో వస్తుంది. నేను చూసిన ఇళ్లలో అది రెండో నెల దాటకుండానే అల్మారా ఎక్కింది. అదే ఇళ్లలో, ఆ పక్క అరలోనే, 2021లో మిగిలిన 60,000 యూనిట్ల ప్యాకెట్లు ఇంకా ఉన్నాయి.